యూరప్ ఎండే కదా అని తేలిగ్గా తీసుకోకండి!

యూరప్ అనగానే మనకేం గుర్తొస్తుంది? మంచుకొండలు, ఉన్ని కోట్లు, షిఫాన్ చీరలో వణుకుతూ పాట పాడే హీరోయిన్! అందుకే పెట్టె సర్దేటప్పుడు ముందుగా స్వెట్టర్లు పెడతాం. కానీ అదంతా స్విట్జర్లాండు సంగతండీ. మ్యాపులో కాస్త కిందికి దిగి చూడండి. స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ, గ్రీసు... జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ అచ్చం మన రోహిణీ కార్తే! 2021 ఆగస్టు 11న ఇటలీలోని సిసిలీ ద్వీపంలో 48.8 డిగ్రీల ఎండ కాసింది. యూరప్ ఖండం మొత్తానికి అదే రికార్డు అని ప్రపంచ వాతావరణ సంస్థ 2024లో ధ్రువీకరించింది కూడా.

"అయితే ఏమిటట? మనం ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్ళం. మనకి ఇదో లెక్కా?" అంటారా? సరిగ్గా ఆ మాటే మేమూ అన్నాం. అని, ఏం తెచ్చుకున్నామో చెబుతాను వినండి.

మాది పల్నాడు. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాళ్ళుండరు కదా, మా అత్తవారి ఊరు దానికి దగ్గరే. మేముండేది జర్మనీలో. 2023లో అత్తయ్యగారు, మామయ్యగారు మా దగ్గరకొచ్చినప్పుడు, పిల్లలకు బడి సెలవులు కూడా కలిసొచ్చాయని జూలైలో స్పెయిన్ బయల్దేరాం. కోర్డోబా అనే ఊరు. వెయ్యేళ్ళు దాటిన మసీదు-చర్చి, తెల్లటి సున్నపు గోడలు, సందుకో పూలకుండీ, చూడముచ్చటైన ఊరు. పొద్దున ఒకటి చూశాం, మధ్యాహ్నం ఇంకొకటి చూశాం. టికెట్లు కొన్నాం కదా మరి! సాయంత్రం అయిదున్నరకి, "ఇక ఎండ తగ్గినట్టే" అనుకొని నదిమీద రోమనుల కాలంనాటి రాతి వంతెన ఎక్కాం. ఈ కొస నుంచి ఆ కొసకి చెట్టు నీడ లేదు.

సగం దూరం వెళ్ళామో లేదో అత్తయ్యగారు పిట్టగోడ పట్టుకొని నిలబడిపోయారు. తల తిరుగుతోందేమో అనుకున్నాను. నా వంక చూసి, "అమ్మాయ్, గేదెకి కుడితి పెట్టారా?" అన్నారు. మా ఇంట్లో గేదెలు అమ్మేసి పదిహేనేళ్ళయింది! ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నా గుండె జారిపోయింది.

మావారు 112కి ఫోన్ చేశారు. యూరప్ దేశాలన్నిటికీ అత్యవసరానికి అదే నంబరు. ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు దొరికారు. ఈలోగా ఆవిడని వంతెన చివర ఒక దుకాణం నీడలోకి చేర్చాం. ఆ దుకాణం ఆవిడ మాకు భాష రాదని గమనించి, మాటలతో పని పెట్టుకోకుండా ఐసుముక్కలు, తడిగుడ్డలు తెచ్చి మెడకీ చంకలకీ పెట్టింది. తన చేతిసంచిలోంచి విసనకర్ర తీసి అంబులెన్స్ వచ్చేదాకా విసురుతూనే ఉంది. ఆ రాత్రి సెలైను ఎక్కించి, మర్నాడు మధ్యాహ్నం ఇంటికి పంపారు. "ఇంకో గంట ఆలస్యమైతే..." అని డాక్టరు వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఎండలో పుట్టిపెరిగిన మనిషికి ఇలా ఎందుకైందంటారు? తరువాత తీరిగ్గా ఆలోచిస్తే ఒక్కొక్కటే అర్థమైంది.

గడియారం చేసిన మోసం

మన గుంటూరులో సూర్యుడు నడినెత్తిన ఉండేది పన్నెండుంబావుకి. నాలుగున్నర, అయిదు అయ్యేసరికి ఎండ మెత్తబడుతుంది. మన ఒంటికి, బుర్రకి ఆ లెక్కే అలవాటు. స్పెయిన్‌లో అలా కాదు! వాళ్ళు ఎండాకాలం గడియారాన్ని ముందుకు జరుపుకుంటారు. దానికితోడు దేశం పడమటివైపు ఉన్నా, తమకంటే తూర్పున ఉన్న జర్మనీ టైమే వాడతారు. దాంతో కోర్డోబాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండున్నర కావస్తుంది. అంటే మేము వంతెన ఎక్కిన అయిదున్నర మన లెక్కలో మధ్యాహ్నం మూడుంబావు అన్నమాట! ఎండ తగ్గే వేళ కాదు, గాలి బాగా కాగి ఉండే వేళ. అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర దాటాకే. కాబట్టి స్పెయిన్‌లో "సాయంత్రం" అంటే ఎనిమిదిన్నర అని గుర్తుపెట్టుకోండి. రోమ్‌లో అయితే నడినెత్తి సూర్యుడు ఒంటిగంటుంబావుకి, ఏథెన్స్‌లో ఒంటిగంటన్నరకి.

రెండో మోసం చెమటది. విజయవాడలోనో విశాఖలోనో ఉంటే జాకెట్టు తడిసి ముద్దవుతుంది, ఒంట్లో నీరు పోతోందని మనకే తెలుస్తుంది. స్పెయిన్ లోపలి ఊళ్ళలో పొడిగాలి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. "చెమటే లేదు, హాయిగా ఉంది" అనుకుంటూ తిరుగుతాం. నీరు మాత్రం పోతూనే ఉంటుంది. బార్సిలోనా, వలెన్సియా లాంటి సముద్రపు ఊళ్ళలో డిగ్రీలు తక్కువే ఉన్నా మన కోస్తా ఉక్కపోతే. అది మనకి తెలిసిన కష్టమే!

ఇక మూడోది, మనం చేసుకున్నది. ఊళ్ళో ఉంటే అత్తయ్యగారు మే నెలలో మిట్టమధ్యాహ్నం గడప దాటేవారా? పది గంటలకల్లా తలుపులు మూసి, కుండనీళ్ళు, మజ్జిగ తాగుతూ ఇంటిపట్టునే ఉండేవారు. ఇన్నేళ్ళూ ఆవిణ్ణి ఎండ నుంచి కాపాడింది పల్నాటి రక్తం కాదు, ఈ అలవాట్లు. సెలవుల పేరుతో, టికెట్ల పేరుతో అవన్నీ మేమే మాన్పించాం.

అసలు సంగతి: బాత్రూమ్ భయం

ఇది పత్రికలో రాయాలా అని మావారు అన్నారు. రాయాల్సిందే! ఆసుపత్రిలో అత్తయ్యగారు మెల్లగా చెప్పిన మాటేమిటంటే, ఆవేళ పొద్దుటి నుంచి ఆవిడ తాగింది రెండు గుక్కల కాఫీ, అరగ్లాసు నీళ్ళు. "బయట ఎక్కడుంటుందో తెలీదు, మాటిమాటికీ మిమ్మల్ని అడగాలంటే మొహమాటం, చీరతో అవస్థ" అన్నారు. నేను మంచినీళ్ళ సీసా అందిస్తే ప్రతిసారీ పెదవులు తడుపుకొని తిరిగి ఇచ్చేవారట. నేను చూసుకోలేదు.

మీ ఇంట్లో పెద్దావిడ కూడా ఇలాగే చేస్తూ ఉండొచ్చు. మీరే చేస్తూ ఉండొచ్చు! కాబట్టి ఉదయం బయల్దేరేటప్పుడే, "అత్తయ్యగారూ, రెండు గంటలకొకసారి ఆగుతాం, అక్కడ బాత్రూమ్ ఉంటుంది" అని ముందే చెప్పేయండి. వాళ్ళు అడగాల్సిన అవసరం రాకూడదు. ఆ దేశాల్లో వీధుల్లో ఉచిత టాయిలెట్లు తక్కువ. కానీ ప్రతి సందులోనూ కాఫీ కొట్టు ఉంటుంది. ఒక కాఫీయో, నీళ్ళ సీసాయో కొంటే లోపల వాడుకోనిస్తారు. ఇటలీలో కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే తక్కువ, బల్ల దగ్గర కూర్చుంటే చాలాచోట్ల ఎక్కువ ధర. మ్యూజియాలలో టికెట్ చూపించి లోపలికెళ్ళాక తప్పకుండా ఉంటాయి, బయటికొచ్చే ముందు అందరినీ ఒకసారి పంపించండి. చిల్లర నాణేలు ఒక చిన్న పర్సులో వేసి పెద్దావిడ చేతికే ఇవ్వండి, కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు.

నీళ్ళకు కొరత లేదు. రోమ్‌లో వీధి వీధికీ ఇనుప కుళాయిలుంటాయి, ఊరు మొత్తం మీద సుమారు 2,500. వంకరగా ఉన్న గొట్టాన్ని చూసి వాటిని "నసోనె", అంటే పెద్దముక్కు అని పిలుస్తారు. రాత్రింబగళ్ళు చల్లటి మంచినీళ్ళు కారుతూనే ఉంటాయి. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, మా పిల్లలకి కొలోసియం కంటే ఇదే నచ్చింది! "నాన్ పొటాబిలే" అని రాసి ఉంటే మాత్రం అవి తాగే నీళ్ళు కావు. గ్రీసు ద్వీపాల్లో చాలాచోట్ల కుళాయి నీళ్ళు తాగరు, సీసాలే కొనాలి. హోటల్లో నీళ్ళడిగితే "గ్యాసుదా, గ్యాసు లేనిదా?" అంటారు. మామయ్యగారు ఏదో ఒకటి అని తలూపితే గోళీసోడా లాంటి నీళ్ళొచ్చాయి, దాహం తీరకపోగా త్రేన్పులు!

అక్కడివాళ్ళను చూసి నేర్చుకుందాం

దక్షిణ స్పెయిన్ ఇల్లాలు ఎండను ఎలా గెలుస్తుందో చూస్తే మన అమ్మమ్మే గుర్తొస్తుంది. పొద్దున్నే కిటికీలన్నీ తెరిచి చల్లగాలి రానిస్తుంది. ఎండ ముదరకముందే కిటికీ బయటి చెక్క తెరలు పూర్తిగా దించేస్తుంది. రాత్రి పదింటికి మళ్ళీ తెరుస్తుంది. మీరు అద్దెకు తీసుకున్న ఫ్లాటులో ఈ తెరలుంటే, "బయట దృశ్యం కనబడదే" అనుకోకుండా దించి మరీ వెళ్ళండి. తిరిగొచ్చేసరికి తేడా తెలుస్తుంది. అన్నట్టు, ఫ్లాటు తీసుకునేముందు ఎ.సి. ఉందా, దానికి విడిగా డబ్బు కట్టాలా, లిఫ్టు ఉందా, ఈ మూడూ అడగండి. పాత భవనాల్లో పైఅంతస్తు గది చౌకగా వస్తుంది, ఎందుకో జూలైలో అర్థమవుతుంది.

వాళ్ళకీ కూజా ఉందండోయ్! మట్టితో చేసి, పోయడానికి చిన్న కొమ్ము పెట్టి, "బోతిహో" అంటారు. నీరు కొద్దికొద్దిగా ఊరి ఆరుతుంటే లోపలి నీళ్ళు చల్లబడతాయి, మన కూజా కిటుకే. విసనకర్ర అయితే పెళ్ళీడు పిల్ల నుంచి ముత్తవ్వ దాకా ప్రతి ఆడదాని చేతిసంచిలోనూ ఉంటుంది. మొదటిరోజే ఒకటి కొనుక్కోండి. సెవిల్లాలో అయితే ఇరుకు వీధుల మీద మేడకీ మేడకీ మధ్య గుడ్డ పందిళ్ళు కడతారు, మన పెళ్ళి పందిరిలా. నడిచేటప్పుడు ఆ వీధులే ఎంచుకోండి. ఆ ఊరివాళ్ళు 2022 జూలైలో తుఫాన్లకు పెట్టినట్టు వడగాడ్పుకి కూడా పేరు పెట్టారు, "జోయీ" అని. పేరు పెడితేనైనా జనం భయపడి ఇంట్లో ఉంటారని!

మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చిన్న దుకాణాలు మూసేస్తారు. బద్ధకం అనుకోకండి, బతకనేర్చినతనం. మేము ఆసుపత్రి నుంచి వచ్చాక మా దినచర్యే మార్చేశాం. ఏడున్నరకల్లా బయటపడడం, పన్నెండుకి గదికి చేరడం, భోంచేసి తెరలు దించి పడుకోవడం, మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నరకి పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళడం. పదకొండింటికి కూడా అక్కడ చంటిపిల్లల తల్లులు బెంచీల మీద కబుర్లు చెప్పుకుంటూ కనిపిస్తారు. గ్రనాడాలోని అల్‌హంబ్రా కోటకు రాత్రిపూట చూడ్డానికి విడిగా టికెట్లు ఇస్తారు. తప్పనిసరిగా మధ్యాహ్నం ఏదైనా చూడాలంటే పెద్ద చర్చిలోకి వెళ్ళండి. ఆ లావుపాటి రాతి గోడల మధ్య చల్లగా ఉంటుంది. భుజాలు, మోకాళ్ళు కప్పుకొని ఉండాలి, చీర కట్టుకున్న మనకా ఇబ్బంది లేదు.

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ, ఇటలీలో పాంపేయి శిథిల నగరం ఈ రెంటికీ మాత్రం మొదటి గంటలోనే వెళ్ళాలి. పాలరాయి, నల్లరాయి, నీడ లేదు. 2023, 2024 ఎండాకాలాల్లో వడగాడ్పులకి అక్రోపోలిస్‌ను మధ్యాహ్నాలు మూసేశారు కూడా. ద్వీపాల్లో కాలిదారిన ఒంటరిగా నడక అసలు వద్దు. 2024 జూన్‌లో బ్రిటన్‌లో టీవీ ద్వారా ఆరోగ్యం గురించి చెప్పే ప్రసిద్ధుడు, వైద్యం చదువుకున్న మైకేల్ మోస్లీ అంతటివాడే గ్రీసులోని సిమీ ద్వీపంలో మధ్యాహ్నపు ఎండలో నడిచి వెళ్తూ దారితప్పి చనిపోయారు.

ఎండతోపాటు కార్చిచ్చుల భయం కూడా ఉంది. 2023 జూలైలో రోడ్స్ ద్వీపంలో మంటలు వ్యాపించి వేలాది యాత్రికులను రాత్రికి రాత్రి తరలించారు. గ్రీసులో ఇలాంటప్పుడు ఫోన్‌కి పెద్ద మోతతో హెచ్చరిక వస్తుంది, ఇంగ్లీషులోనూ ఉంటుంది. విసుక్కొని ఆపేయకుండా చదవండి. పాస్‌పోర్టులు, మందులు ఒకే సంచిలో చేతికందేలా ఉంచుకోండి.

మందులు, పిల్లలు

అత్తయ్యగారు వేసుకునే బి.పి. మాత్రలో ఒంట్లో నీటిని బయటికి పంపే మందు కలిసి ఉందని మాకు ఆసుపత్రిలో చెప్పేదాకా తెలీదు. ఇంట్లో పెద్దవాళ్ళకి బి.పి., గుండె, షుగరు మాత్రలుంటే ప్రయాణానికి ముందే డాక్టరుకి చీటీ చూపించి, "ఎండ ప్రాంతానికి వెళ్తున్నాం, మోతాదు మార్చాలా?" అని అడగండి. మీ అంతట మీరు మాత్రం మానిపించకండి. ఇన్సులిన్‌ని ఎండలో ఉన్న కారులో వదలకూడదు. నీళ్ళలో తడిపి వాడే చల్లటి సంచులు దొరుకుతాయి, కూజాలాగే పనిచేస్తాయి.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, పిక్కలు పట్టెయ్యడం, ఇవి మొదటి గంట. వెంటనే నీడకి చేర్చి, పడుకోబెట్టి, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొద్దికొద్దిగా తాగించాలి. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే. 112కి ఫోన్ చేసి, నీళ్ళతో తడుపుతూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకండి. షెంజెన్ వీసాకి తప్పనిసరిగా తీసుకునే ఆరోగ్య బీమా కాగితం ఫోన్‌లో ఒకటి, పర్సులో ఒకటి ఉంచుకోండి. ఆ రాత్రి మా చేత నాలుగుసార్లు అడిగించుకున్న కాగితం అదే.

చంటిపిల్లల తోపుడుబండి మీద గుడ్డ పూర్తిగా కప్పకండి, లోపల గాలాడక ఇంకా వేడెక్కుతుంది. "ఒక్క నిమిషం" అని కూడా కారులో పిల్లల్ని వదలొద్దు. మన రంగుకి ఎండ ఏం చేస్తుందిలే అని క్రీము మానకండి. సముద్రం దగ్గర నీళ్ళమీంచి, ఇసుకమీంచి కూడా ఎండ తిరిగి కొడుతుంది. మా పెద్దమ్మాయి భుజాలు రెండురోజులు మండాయి. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గకుండా, రెండు గంటలకొకసారి.

పెట్టెలో ఏం పెట్టాలి?

నూలు చీరలు, వదులు జాకెట్లు, వెడల్పు అంచు టోపీ. ఊరగాయ, కందిపొడి, అటుకులు, వేయించిన జీలకర్ర పొడి తీసుకెళ్ళొచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం మాత్రం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు, మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరదు. విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలైతే ప్రాణం ఉసూరుమంటుంది! మజ్జిగకి బెంగలేదు. గ్రీకు పెరుగు అని చిక్కటిది ప్రతి దుకాణంలోనూ ఉంటుంది. ఒక కప్పుకి మూడు కప్పుల నీళ్ళు, ఉప్పు, జీలకర్ర పొడి, నిమ్మరసం వేసి గిలకొడితే చాలు. గ్రీసు హోటళ్ళలో "జజీకి" అని అడగండి. కీరాదోసకాయ తురిమి వెల్లుల్లి వేసిన పెరుగుపచ్చడే అది, పోపు ఒక్కటే తక్కువ.

పొయ్యి వెలిగించకుండా చేసుకునే స్పెయిన్ వంటకం ఒకటి చెప్పి ముగిస్తాను. పేరు గాస్పాచో, చల్లటి టమాటా చారు అనుకోండి. బాగా పండిన టమాటాలు కిలో, ఒక కీరాదోసకాయ, సగం పచ్చ క్యాప్సికం, ఒక వెల్లుల్లి రెబ్బ, నీళ్ళలో నానబెట్టిన రొట్టె ముక్క ఒకటి తీసుకోండి. అన్నీ మిక్సీలో మెత్తగా తిప్పి, నాలుగు చెంచాల ఆలివ్ నూనె, రెండు చెంచాల వెనిగర్, తగినంత ఉప్పు కలపండి. వడగట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి గ్లాసుల్లో పొయ్యండి. ఉప్పూ నీరూ రెండూ ఒంటికి అందుతాయి. హోటల్లో దీని చెల్లెలు "సాల్మొరెహో" దొరుకుతుంది, ఇంకా చిక్కగా ఉంటుంది. శాకాహారులు మాత్రం "సిన్ హామోన్" అని ముందే చెప్పాలి, లేకపోతే పైన పందిమాంసం ముక్కలు, గుడ్డు చల్లి తెస్తారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఇదే చేసి ఇచ్చాను. అత్తయ్యగారు ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, "అమ్మాయ్, ఇంగువ తెచ్చావా?" అన్నారు. ఆవిడ మామూలు మనిషయ్యారని అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఆ ఒక్క పోపు కోసం మాత్రం పొయ్యి వెలిగించాం.